వీపు గోక్కోగలరా? అమెరికన్ ఫుట్‌బాల్‌లో ప్రతిభ, శ్రమ, బరువుల చరిత్ర

1940లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ కళాశాలకు యార్క్ బార్‌బెల్ కంపెనీ యజమాని బాబ్ హాఫ్‌మన్ ఇద్దరు బలశాలులను వెంటబెట్టుకొని వచ్చాడు. ఒకరు మిస్టర్ అమెరికాగా పేరుపొందిన జాన్ గ్రిమెక్. రెండవవాడు బరువులెత్తడంలో ప్రపంచ విజేత జాన్ డేవిస్. వ్యాయామవిద్యకు అమెరికాలో పేరెన్నికగన్న చోటు అది. బాస్కెట్‌బాల్ పుట్టింది అక్కడే. ప్రదర్శన అయ్యాక పీటర్ కార్పోవిచ్ అనే ఆచార్యుడు లేచి, గ్రిమెక్ గారు తన వీపు తాను గోక్కోగలరా అని అడిగాడు. సభ గొల్లుమంది. ప్రశ్న వెటకారంగా వినిపించినా అందులో ఒక సిద్ధాంతం ఉంది. బరువులెత్తేవాడి కండలు బిగుసుకుపోతాయనీ, కీళ్లు తిరగవనీ, పరుగు మందగిస్తుందనీ ఆనాటి వైద్యులు, శిక్షకులు గట్టిగా నమ్మేవారు. కార్పోవిచ్ రష్యాలో పుట్టిపెరిగిన వైద్యుడు, శరీరధర్మ శాస్త్రవేత్త. ఆయనా అదే నమ్మేవాడు.

గ్రిమెక్ శాంతంగా ఒక చేత్తోనూ మరో చేత్తోనూ వీపు గోక్కొని చూపించాడు. తర్వాత మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి మోచేతులను నేలకు ఆనించాడు. ఆపైన కాళ్లు రెండూ చెరోవైపు చాచి నేలమీద కూర్చున్నాడు. డేవిస్ చేతుల్లో బరువులు పట్టుకొనే వెనక్కి పల్టీ కొట్టాడు. కార్పోవిచ్ గొప్పతనమంతా ఆ తర్వాత కనిపిస్తుంది. ఆయన తన నమ్మకాన్ని సమర్థించుకునే పని పెట్టుకోలేదు, పరీక్షకు పెట్టాడు. విలియం జోర్బస్‌తో కలిసి బరువులెత్తే 300 మందినీ, ఎత్తని 300 మందినీ తీసుకొని చేయి తిప్పే వేగాన్ని కొలిచాడు. 1951లో ప్రచురించిన ఫలితం ప్రకారం బరువులెత్తేవారే చురుకైనవారు. అంతకు ముందే, యుద్ధకాలంలో, థామస్ డెలార్మ్ అనే సైనిక వైద్యుడు గాయపడిన సైనికుల కాళ్లకు క్రమంగా పెంచుతూ పోయే బరువులతో బలం తెప్పించి, 1945లో ఆ పద్ధతిని వైద్యపత్రికకెక్కించాడు. అంటే బరువులకు తొలి గౌరవం దక్కింది ఆటస్థలంలో కాదు, ఆసుపత్రిలో.

ఫుట్‌బాల్ కోచ్‌లు మాత్రం వైద్యపత్రికలు చదివేవాళ్లు కారు. (ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికాలో ఆ పేరుతో ఆడే, చేతులతో బంతిని పట్టుకొని పరుగెత్తే ఆటే.) ఆటగాడు పుట్టుకతోనే వస్తాడు, లేదా పొలంలోనో బొగ్గు గనిలోనో పనిచేసి గట్టిపడి వస్తాడు; కోచ్ చేయవలసిందల్లా వాణ్ణి గుర్తించి క్రమశిక్షణలో పెట్టడమే. శ్రమ అంటే వారి దృష్టిలో పరుగు, మైదానంలో ఒకరినొకరు ఢీకొనే సాధన. ఇనుము ముట్టుకోవడం శ్రమ కిందికి రాదు. అద్దం ముందు నిలబడి మురిసిపోయేవాడి సోకు అది.

ఆ అభిప్రాయానికి మొదటి దెబ్బ ఒక హైస్కూల్లో తగిలింది. లూయిజియానా రాష్ట్రంలోని బాటన్ రూజ్ పట్టణంలో వ్యాయామశాల నడిపే ఆల్విన్ రాయ్ 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో అమెరికా వెయిట్‌లిఫ్టింగ్ జట్టుకు సహాయకుడిగా వెళ్లినవాడు. తాను చదివిన ఇస్ట్రూమా హైస్కూల్ కోచ్‌లకు బరువుల సంగతి చెప్పబోతే మొదట్లో ఎవరూ వినలేదు. 1954లో ఆ బడి జట్టు పొరుగు బడి చేతిలో చిత్తుగా ఓడాక విన్నారు. మరుసటేడు జట్టంతా రాయ్ చెప్పినట్టు బరువులెత్తింది. ఒక్క ఆటైనా ఓడకుండా రాష్ట్ర ఛాంపియన్ అయింది. ఆ జట్టులోని బిల్లీ కానన్ తర్వాత లూయిజియానా స్టేట్ విశ్వవిద్యాలయానికి ఆడాడు. 1958లో ఆ విశ్వవిద్యాలయం జాతీయ విజేత. 1959 అక్టోబర్ 31 రాత్రి మిసిసిపి జట్టు మీద బంతి అందుకొని 89 గజాలు, మీదపడ్డ ప్రతివాణ్ణీ విదిలించుకుంటూ కానన్ తీసిన పరుగును లూయిజియానా నేటికీ తలచుకుంటుంది. ఆ ఏడు ఉత్తమ కళాశాల ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అతనిదే.

కానన్ పుట్టుకతో వచ్చిన ఆటగాడా, తయారైన ఆటగాడా? బరువులు ముట్టకముందే అతడు తోటివారికంటే వేగంగా పరుగెత్తేవాడు. బరువులెత్తాక ఆ వేగం తగ్గలేదు. మీదపడినవాళ్లను విదిలించుకునే బలం వచ్చింది. ఏది ఎవరి ఖాతాలో వెయ్యాలో అప్పట్లో ఎవరూ లెక్క తేల్చలేదు. తేల్చవలసిన అవసరమూ రాలేదు.

1963లో సాన్ డియేగో ఛార్జర్స్ కోచ్ సిడ్ గిల్మన్ రాయ్‌ని పిలిపించుకున్నాడు. వృత్తి ఫుట్‌బాల్‌లో బలశిక్షణకంటూ నియమితుడైన మొదటి కోచ్‌గా రాయ్‌ని చెబుతారు. అంతకు ముందటి ఏడు ఆ జట్టు పద్నాలుగు ఆటల్లో నాలుగే గెలిచింది. ఆ వేసవిలో శిక్షణ శిబిరాన్ని నగరానికి దూరంగా, రఫ్ ఏకర్స్ అనే ఎడారి ప్రాంతపు పశువుల క్షేత్రంలో పెట్టారు. పగలంతా ఎండ, దుమ్ము, బరువులు. భోజనం బల్ల మీద మాత్రం మరొకటి ఉండేది: చిన్న గులాబీ రంగు మాత్ర. పేరు డయనబాల్.

ఆ మాత్ర అక్కడికి చేరిన దారిలో ఒక వైద్యుడు ఉన్నాడు. 1954లో వియన్నాలో జరిగిన ప్రపంచ పోటీలకు అమెరికా జట్టుతో వెళ్లిన మేరీలాండ్ డాక్టర్ జాన్ జీగ్లర్, సోవియట్ ఆటగాళ్లు టెస్టోస్టెరాన్ వాడుతున్నారని అక్కడ తెలుసుకొని వచ్చాడు. సీబా కంపెనీ 1958లో డయనబాల్‌ను మార్కెట్లోకి తెచ్చింది. జీగ్లర్ దానిని యార్క్ వెయిట్‌లిఫ్టర్లకు ఇచ్చి చూశాడు. కొద్దికొద్దిగా ఇస్తే చాలనుకున్న మాత్రను వాళ్లు గుప్పెళ్లతో మింగసాగారు. తర్వాతి కాలంలో ఆయన ఆ అధ్యాయం మొత్తానికీ పశ్చాత్తాపపడ్డాడు. ఆరోగ్యవంతుడి మీద మందు ప్రయోగించి, మోతాదు తన అదుపులో ఉంటుందని అనుకోవడం వైద్యవృత్తిలో పాత అహంకారమే.

ఛార్జర్స్ ఆటగాళ్లకు అది పోషకాహారం వంటిదన్నట్టే అందింది. కొన్ని వారాల తర్వాత దాని దుష్ఫలితాలను ఒక ఆటగాడు తన డాక్టరు ద్వారా తెలుసుకోవడంతో జట్టులో అలజడి రేగింది. అప్పటినుంచి మాత్ర ఎవరిష్టం వారిదైంది. 1964 జనవరి 5న జరిగిన ఫైనల్లో ఛార్జర్స్ బోస్టన్‌ను 51-10తో ఓడించింది. ఆ ఒక్క ఆటలో కీత్ లింకన్ 206 గజాలు పరుగెత్తాడు. గెలుపులో బరువులకెంత, మాత్రకెంత, లింకన్ కాళ్లకెంత అని విడదీయడం ఎవరి తరమూ కాదు. కానీ ఆటల లోకం గ్రహించిన పాఠం ఒకటే: బరువులెత్తితే గెలుస్తారు. ఆ తర్వాత రాయ్ కాన్సస్ సిటీ, డాలస్, ఓక్‌లాండ్ జట్లకు పనిచేశాడు.

కళాశాలల సంగతి తొందరగా చెప్పుకోవచ్చు. 1969లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం బాయిడ్ ఎప్లీ అనే, గాయపడ్డ పోల్‌వాల్ట్ ఆటగాణ్ణి జీతమిచ్చి బలశిక్షకుడిగా పెట్టుకుంది. ఒక్క ఆటగాడి వేగం తగ్గినా ఉద్యోగం ఊడుతుందని ప్రధాన కోచ్ బాబ్ డెవానీ ముందే హెచ్చరించాడట. 1970, 1971ల్లో నెబ్రాస్కా జాతీయ విజేత. 1978లో ఎప్లీ బలశిక్షకులకు జాతీయ సంఘమే స్థాపించాడు. ముప్పై ఏళ్ల కిందట సోకు అనిపించుకున్న పని ఇప్పుడు శీలానికి కొలబద్ద అయింది. తెల్లవారకముందే బరువుల గదికి వచ్చేవాడు ఉత్తముడు. రానివాడు పుట్టుకతో వచ్చిన వరాన్ని వృథా చేసుకునే సోమరి.

ఈ విభజన అమెరికాలో అమాయకంగా ఉండలేదు. 1970లో జాన్ లాయ్, జోసెఫ్ మెకెల్వోగ్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు ఫుట్‌బాల్, బేస్‌బాల్ జట్లలో ఎవరు ఎక్కడ ఆడుతున్నారో లెక్కగట్టారు. ఆలోచనా, నాయకత్వమూ కావాలనుకునే మధ్యస్థానాల్లో తెల్లవారు. వేగం చాలనుకునే అంచుల్లో నల్లవారు. 1968లో డెన్వర్‌కు క్వార్టర్‌బ్యాక్‌గా చక్కగా ఆడిన మార్లిన్ బ్రిస్కో మరుసటేడు బఫెలో జట్టులో బంతి అందుకునే రిసీవర్‌గా మారవలసివచ్చింది. వారెన్ మూన్ 1978 రోజ్ బౌల్‌లో ఉత్తమ ఆటగాడు, అయినా ఎన్.ఎఫ్.ఎల్. జట్టు ఒక్కటీ అతణ్ణి ఎంచుకోలేదు. అతడు కెనడా వెళ్లి ఎడ్మంటన్‌తో వరసగా ఐదు గ్రే కప్పులు గెలిచాక గాని హ్యూస్టన్ పిలవలేదు. ఇటువంటి నిర్ణయాల వెనుక ఒక మాటల జంట పనిచేసేది: వీడిది సహజ ప్రతిభ, వాడిది కష్టపడే తత్వం. మొదటిది పొగడ్తలాగే ఉంటుంది. కానీ ఆ మనిషి చేసిన పనినంతా అది తుడిచేస్తుంది.

1988 జనవరి 15న, మార్టిన్ లూథర్ కింగ్ జయంతి సందర్భంగా, సీబీఎస్ టీవీ వ్యాఖ్యాత జిమ్మీ స్నైడర్‌ను ఒక విలేఖరి నల్లజాతి క్రీడాకారుల గురించి అడిగాడు. వాళ్లు ఎడతెగకుండా సాధన చేస్తారు గనుకే ముందున్నారని చెప్పినవాడే, బానిసత్వకాలంలో యజమానులు పశువుల్లా జతకట్టి కనిపించడం వల్ల వాళ్ల తొడలు బలిశాయని కూడా అన్నాడు. నాలుగైదు తరాల బలవంతపు జతలతో అటువంటి మార్పు వస్తుందనడానికి జన్యుశాస్త్రంలో ఆధారమేమీ లేదు. మర్నాడే సీబీఎస్ అతణ్ణి తొలగించింది. రెండు వారాలు దాటీ దాటగానే, జనవరి 31న, సాన్ డియేగోలో జరిగిన సూపర్ బౌల్‌లో వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ డగ్ విలియమ్స్ రెండో క్వార్టర్‌లోనే నాలుగు టచ్‌డౌన్ పాసులు విసిరాడు. వాషింగ్టన్ 42-10తో గెలిచింది. సూపర్ బౌల్ గెలిచిన మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ అతడే.

శరీరశాస్త్రం ఈ జంటను మరో దిక్కునుంచి కదిలించింది. 2005లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 585 మంది స్త్రీపురుషులు పన్నెండు వారాలపాటు ఒకే పద్ధతిలో, ఒకే చేతికి బరువులతో శిక్షణ పొందారు. కొందరి కండ పరిమాణం ఏమీ పెరగలేదు. ఒకరిద్దరిది పిసరంత తగ్గింది కూడా. కొందరిది 59 శాతం పెరిగింది. బలం కొందరిలో ఉన్నచోటే ఉండిపోగా, కొందరిలో 250 శాతం హెచ్చింది. శ్రమకు ఫలమెంత దక్కుతుందనేది చాలామట్టుకు శరీరాన్నిబట్టి ఉంటుందన్నమాట. బరువుల గదిలో కండ పెరగనివాణ్ణి చూసి బద్ధకస్తుడనే కోచ్ అన్యాయం చేస్తున్నట్టే; పెరిగినవాణ్ణి చూసి అంతా పట్టుదలేననేవాడు సగమే చెబుతున్నట్టు. కావ్యహేతువుల దగ్గర మన ఆలంకారికులు ఈ చిక్కును ఎన్నడో ఎదుర్కొన్నారు. సహజ ప్రతిభ లేకున్నా శ్రమించినవాణ్ణి వాగ్దేవి కొంతైనా కరుణిస్తుందన్నాడు దండి. శక్తి, నైపుణ్యం, అభ్యాసం మూడూ కలిసి ఒకే హేతువు తప్ప మూడు హేతువులు కావన్నాడు మమ్మటుడు. ఫుట్‌బాల్ విషయంలో మమ్మటుడి మాటే సరైనదిగా తోస్తుంది.

జట్ల యజమానులకు మాత్రం కొలతకు దొరికేదే కావాలి. 1989లో గ్రీన్ బే జట్టు రెండో ఎంపికగా టోనీ మాండరిచ్ అనే కండలకొండను తీసుకుంది. అతని తర్వాత వరసగా ఎంపికైన బారీ సాండర్స్, డెరిక్ థామస్, డియాన్ సాండర్స్ ముగ్గురూ హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కారు. మాండరిచ్ గ్రీన్ బేలో నిలదొక్కుకోలేకపోయాడు. కళాశాల రోజుల్లో స్టెరాయిడ్లు వాడానని 2008లో ఒప్పుకున్నాడు. ఎన్.ఎఫ్.ఎల్. స్టెరాయిడ్ పరీక్షలు మొదలుపెట్టింది 1987లో, అంటే రఫ్ ఏకర్స్ తర్వాత 24 ఏళ్లకు. ఈలోగా లైన్‌మన్ బరువు 250 పౌన్లనుంచి 300 వైపు నడిచింది. 1994లో ఒక ప్రభుత్వ ఆరోగ్య సంస్థ చేసిన అధ్యయనంలో మాజీ ఆటగాళ్ల ఆయుర్దాయం మొత్తమ్మీద మెరుగ్గానే కనిపించింది. లైన్‌మన్లలో మాత్రం గుండెజబ్బు మరణాలు హెచ్చు.

ప్రతిభ, శ్రమ అనే మాటల జంటకు లొంగని మనిషి జెర్రీ రైస్. మిసిసిపిలోని క్రాఫర్డ్‌లో తాపీపని చేసే తండ్రికి వేసవి ఎండల్లో సాయపడేవాడు. అన్నదమ్ములు కిందనుంచి విసిరే ఇటుకలను పరంజా మీద నిలబడి పట్టుకోవడం అతని పని. పరుగు పందెంలో అతని వేగం సామాన్యమేనని 1985లో చాలా జట్లు పెదవి విరిచాయి. పదహారో ఎంపికగా శాన్ ఫ్రాన్సిస్కో తీసుకుంది. మొదటి ఏడు బంతులు జారవిడిచాడు. తర్వాత శాన్ కార్లోస్ కొండ మీద రెండున్నర మైళ్ల ఎగుడుబాటను రోజూ పరుగెత్తడం అతని పేరుతో కలిసిపోయింది. వెంట వచ్చిన కుర్రాళ్లు మధ్యలో ఆగి వాంతులు చేసుకునేవారట. ఇరవై సీజన్లలో 22,895 గజాల రిసీవింగ్ రికార్డు. ఆ చేతులు దేవుడిచ్చినవా, ఇటుకలు చేసినవా?

రైస్ కొండను చూసి స్ఫూర్తి పొందినవారే గాని, ఆ కథకు మరో వైపు ఉందని తలచినవారు తక్కువ. 2001 జులైలో మినెసోటా వైకింగ్స్ శిబిరం మాన్‌కేటో పట్టణంలో జరుగుతోంది. ఆ ఏడు ఎండ విపరీతం, గాలిలో తేమ. 335 పౌన్ల బరువున్న టాకిల్ కోరీ స్ట్రింగర్ జులై 30న సాధన పూర్తిచేయలేకపోయాడు. మోకాళ్ల మీద చేతులుంచి వంగిపోయిన అతని ఫోటో మర్నాడు పత్రికలో వచ్చింది. అది చూసి అతడు నొచ్చుకున్నాడని తోటివారు చెప్పారు. 31న మళ్లీ మైదానంలోకి దిగి, ఈసారి సాధన చివరిదాకా నిలిచాడు. ఆసుపత్రికి చేరేసరికి శరీర ఉష్ణోగ్రత 108.8 డిగ్రీలు. ఆగస్టు 1 తెల్లవారుజామున అతడు చనిపోయాడు. వయసు 27.

శ్రమవల్ల వచ్చే వడదెబ్బకు చికిత్స చాలా చవక: మైదానం పక్కన మంచునీళ్ల తొట్టె. పడిపోయినవాణ్ణి నిమిషాల్లో అందులో ముంచితే దాదాపు ప్రతివాడూ బతుకుతాడు. 2010లో కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో స్ట్రింగర్ పేరిట వెలసిన సంస్థ హైస్కూళ్ల చుట్టూ తిరిగి చెబుతున్నది ముఖ్యంగా ఆ తొట్టె గురించే.