పేరే చిరునామా అయినప్పుడు

1935లో మైసూరునందు ఒక ప్రైవేటు రేడియో కేంద్రము వెలసెను. దానికి ‘ఆకాశవాణి’ అని పేరు పెట్టిరి. మరుసటి సంవత్సరము ఢిల్లీలోని ప్రభుత్వ రేడియోకు ‘ఆలిండియా రేడియో’ అను పేరు వచ్చెను. ఈ రెండవది ఉన్న సంగతిని ఉన్నట్లు చెప్పు పేరు: ఇండియా అంతటికిని చెందిన రేడియో, అంతే. మొదటిది పురాణములలోని మాటను తెచ్చి కొత్త యంత్రమునకు తొడిగిన పేరు. తరువాతి కాలమున రెండు పేర్లును చిరకాలము కలిసి నడిచినవి. 2023లో ఇంగ్లీషు పేరును విడిచి ఆకాశవాణి అను పేరునే వాడవలెనని ప్రసారభారతి ఆదేశించెను. మా ఇంటి ముచ్చట గనుక దీనితోనే ఆరంభించితిమి.

సరుకునకు గాని, పత్రికకు గాని, దుకాణమునకు గాని పేరు పెట్టువారి యెదుట ఈ రెండు దారులును ఉండును. ఇది ఏమి వస్తువో చెప్పు పేరొకటి. ఇది ఎవరిదో చెప్పు పేరు మరొకటి. నేడు వెబ్‌సైటు పెట్టదలచిన వర్తకుడు తలపట్టుకొని కూర్చుండునది ఇచ్చటనే. అయితే ఈ చిక్కు కంప్యూటరుతో పుట్టినది కాదు. కృష్ణాజిల్లావారికి ఇది పాత పరిచయమే.

1867లో ఎలకుర్రు గ్రామమున జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఈ రెండు దారులలోను నడిచినవారు. వారు 1893లో బొంబాయిలో తలనొప్పి మందు ఒకటి తయారుచేసిరి. దానికి ‘తలనొప్పి లేపనము’ అని పేరు పెట్టియుండినచో అర్థము అందరికిని తెలిసెడిదే. కాని ఎదుటి దుకాణమువాడును మరునాడే అదే పేరుతో అమ్ముకొనియుండెడివాడు. పంతులుగారు అమృతము, అంజనము అను రెండు పాత మాటలను కలిపి ‘అమృతాంజనము’ అనిరి. విడివిడిగా ఆ మాటలు అందరివి, కలిపినపుడు ఒక్కరిది. కొత్త మాటయే అయినను వినినవానికి ఇది మందు అని తోచకపోదు. సంగీత సభలలో దానిని ఉచితముగా పంచి పెట్టించిరని పెద్దలు చెప్పుదురు. కొత్త పేరు జనుల నోట నిలువవలెనన్న అట్టి ఖర్చు తప్పదు గదా!

అదే పంతులుగారు 1908లో బొంబాయిలోనే వారపత్రికను స్థాపించి దానికి ‘ఆంధ్రపత్రిక’ అని పేరు పెట్టిరి. 1914లో అది మద్రాసు నుండి దినపత్రిక ఆయెను. ఆంధ్రుల పత్రిక గనుక ఆంధ్రపత్రిక! ఇందు కల్పన ఏమియు లేదు. ఆనాడు అది సరియైన ఎంపికయే యని మా అభిప్రాయము. ఆంధ్రోద్యమము తలయెత్తుచున్న దినములలో ఆ మాటయే ఒక పిలుపు. 1902లో బందరున పుట్టిన ‘కృష్ణాపత్రిక’ నదీనామమును ధరించినట్లే, ఇది జాతినామమును ధరించినది.

కాని అందరి మాటకు కంచె వేయుట ఎవరి తరము? 1938లో మద్రాసున ‘ఆంధ్రప్రభ’ వచ్చెను. 1960 జులై 1న మన విజయవాడ నుండియే, నార్ల వెంకటేశ్వరరావుగారి సంపాదకత్వమున, ‘ఆంధ్రజ్యోతి’ వెలువడెను. ‘ఆంధ్రభూమి’ యు ఉండెను. పాఠకుడు మొదటి మాటను దాటి రెండవ మాటను చూచి గాని ఏ పత్రికయో పోల్చుకొనలేని స్థితి వచ్చెను. 1974లో విశాఖపట్టణమున వెలువడిన దినపత్రిక ఆ తోవను వదలి ‘ఈనాడు’ అనుకొనినది. పల్లెలోని పిల్లవానికిని తెలిసిన మాటయే అది. కాని పత్రిక పేరుగా చెవికి కొత్త.

ఇక చిరునామా మాట. తంతి వార్తలకు అక్షరమునకు కాకున్నను మాటకు రుసుము ఉండెడిది. అందుచేత వ్యాపార సంస్థలు తమ పొడవైన చిరునామాకు బదులు ఒకే మాటను తంతి కార్యాలయమున రిజిస్టరు చేయించుకొని, సాలుకింత యని చెల్లించెడివి. ఒక కార్యాలయపు పరిధిలో ఆ మాట మరొకరికి దక్కదు. గుంటూరులో వేరొకరు దానినే పెట్టుకొనినను బెజవాడవారికి నష్టము లేదు. 2013 జులైలో మన దేశమున తంతి సేవ ముగిసినది. కాని అప్పటికే ఆ పద్ధతి మరొక రూపమున ప్రపంచమంతటను అల్లుకొనియుండెను. 1983లో రూపొందిన డొమైన్ పేర్ల ఏర్పాటునందును ఒక మాట ఒక్కరికే. సాలుసాలునకు రుసుము చెల్లింపవలసినదే. భేదమేమనగా, ఇచ్చట ‘డాట్ కామ్’ అను ఊరు ఒక్కటే, అందు లోకమంతయు కాపురమున్నది. మామిడి, బియ్యము, పెండ్లి, ఉద్యోగము వంటి మాటలను ముందు వచ్చినవారు ఎన్నడో తీసుకొనిరి. వెనుక వచ్చినవాడు వారికి పెద్ద మొత్తము ఇచ్చి కొనవలెను, లేదా కొత్త మాటను పుట్టింపవలెను.

న్యాయస్థానములు ఈ విషయమున చెప్పినది వినదగినది. హైదరాబాదు సత్యం సంస్థకు చెందిన ‘సత్యం ఇన్ఫోవే’ తన పేరులోని అక్షరములను ఏరి ‘సిఫీ’ అను మాటను కల్పించి, 1999లో దానితో డొమైన్ పేర్లు రిజిస్టరు చేయించెను. మరొక సంస్థ ఇంచుమించు అదే ధ్వని గల పేరుతో వెబ్‌సైటు తెరచి, అవి తన స్థాపకుల పేర్లలోని తొలి అక్షరములని వాదించెను. 2004 మే నెలలో సుప్రీంకోర్టు ఆ వాదమును నమ్మలేదు. డొమైన్ పేరు ఉత్త చిరునామా కాదనియు, వ్యాపార చిహ్నమునకు గల రక్షణ దానికిని చెల్లుననియు తీర్పు చెప్పెను. కల్పిత పదము గనుక సిఫీవారి పని సులువాయెను. అంతకు ముందు 2002లో ‘నౌకరీ డాట్ కామ్’ వారు ఒక్క అచ్చు అదనముగా చేర్చిన పేరుపై ఢిల్లీ హైకోర్టుకు వెళ్లిరి. నౌకరీ యన ఉద్యోగమే, అందరి మాట. చాలకాలపు వాడుకచేత అది తమ గుర్తుగా మారినదని వారు చూపవలసివచ్చెను. గెలిచిరి గాని, శ్రమ ఎక్కువ.

మన కొండపల్లి బొమ్మలు, బందరు లడ్డు సంగతి ఇంకను సున్నితమైనది. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పేర్లు ఆ ప్రాంతపు పనివారందరి ఉమ్మడి సొత్తు. ఆ మాటలను డొమైనుగా ఒక వర్తకుడు రిజిస్టరు చేయించుకొనినను అతనికి చిక్కునది తలుపు మాత్రమే, ఇల్లు కాదు. తాతల నాటి నుండి పొణికి కర్రను చెక్కుచున్న కుటుంబము తన పేరును మరచి ఊరి పేరునే చిరునామాగా పెట్టుకొనినచో, కొనువాడు మరల వచ్చినపుడు వెతుకునది ఊరిని, ఆ కుటుంబమును కాదు. ఊరి పేరు సరుకు మీద ఉండనిండు. తలుపు మీద ఇంటి పేరు ఉండవలెనని మేము తలంతుము.

మా వలె చెవికి మాత్రమే చెప్పువారికి మరొక చిక్కు కలదు. పేరు ఒకసారి వినగానే రోమను లిపిలో వ్రాయగలుగవలెను. పంతులుగారి మందు పేరులోని ‘ఋ’ కారమును మనము ‘రు’ అని వ్రాయుదుము, ఉత్తరాదివారు ‘రి’ అని వ్రాయుదురు. ‘జ్యోతి’ లోని ‘తి’ కి మన పక్క హెచ్ చేర్చుదురు, మరికొన్ని చోట్ల చేర్చరు. ఆంధ్రజ్యోతి వెబ్‌సైటు పేరు తుదిని ఐ కి బదులు వై ఉన్నది. ‘ఈనాడు’ కు రెండు ఇ లు. రేడియోలో ఇవన్నియు విడమరచి చెప్పుసరికి ప్రకటన సమయము గడచిపోవును. తెలుగు లిపిలోనే వ్రాసి ‘.భారత్’ తో ముగించు పేర్లు కూడ నేడు దొరకుచున్నవి. వానిలో హెచ్ తగాదా లేదు, వై తగాదా లేదు. వినినది వినినట్లు వ్రాసికొనవచ్చును.