బారు పరీక్ష, పౌరసత్వం ప్రశ్న

ఈ దేశంలో మన తెలుగువాళ్ల ఇళ్లల్లో డాక్టరు చదువుల గురించి, కంప్యూటరు ఉద్యోగాల గురించి జరిగినంత చర్చ లాయరు చదువు గురించి జరగదు. అయినా ఈమధ్య నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. "ఇండియాలో ఎల్.ఎల్.బి. చేసి వచ్చానండీ, ఇక్కడ బారు పరీక్ష రాయొచ్చా? గ్రీన్‌కార్డు లేకపోతే రానిస్తారా?" అని. మొదటి ప్రశ్నకి జవాబు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. రెండో ప్రశ్న వెనకాల మాత్రం నూరేళ్ల పైబడిన కథ ఉంది. ఇవాళ చెప్పబోయేది అదే.

వకీలు వృత్తికి తలుపులూ గడపలూ ఉండటం మనకేం కొత్త కాదు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు రాజమండ్రిలో ప్లీడరుగా ఎంత పేరు తెచ్చుకున్నా, ఆయనది రెండో తరగతి సనదు. మద్రాసు హైకోర్టులో వాదించాలంటే అది చాలలేదు. అందుకే 1904లో ఇంగ్లండు వెళ్లి బారిస్టరై వచ్చారు. అక్కడ అడ్డు వచ్చింది చదువు. చదువుకుంటే తీరిపోయింది. అమెరికాలో కొందరికి అడ్డు వచ్చింది పుట్టుక. దానికి ఏ చదువు చదివితే తీరుతుంది?

హాంగ్ యెన్ చాంగ్ అనే చైనా కుర్రవాడు 1872లో ఇక్కడికి చదువుకోవడానికి వచ్చాడు. యేల్‌లో చదివి, 1886లో కొలంబియాలో లా పట్టా పుచ్చుకున్నాడు. పౌరుడు కాదని న్యూయార్కు మొదట తిప్పి పంపింది. తర్వాత ఆయనకి పౌరసత్వ పత్రం దొరికింది. ఆయన మళ్లీ దరఖాస్తు పెట్టుకోవడానికి వీలుగా శాసనసభ ప్రత్యేకంగా చట్టమే చేసింది. అలా న్యూయార్కులో లాయరయ్యాడు. కాలిఫోర్నియాకి వెళ్లి అక్కడ సనదు అడిగితే, 1890లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కాదంది. చైనావాళ్లకి పౌరసత్వం ఇవ్వకూడదని 1882 చట్టం ఉంది కాబట్టి, నీ పత్రమే చెల్లదంది. ఆయన బ్యాంకు ఉద్యోగాలకీ, చైనా దౌత్య ఉద్యోగాలకీ వెళ్లిపోయాడు. 2015లో అదే కోర్టు ఆయన్ని బారులో చేర్చుకుంది. అప్పటికి ఆయన పోయి ఎనభై తొమ్మిదేళ్లు! వాషింగ్టన్ రాష్ట్రంలో తాకుజీ యమషిత అనే జపాను ఆయనదీ ఇదే కథ. 1902లో పరీక్ష పాసయ్యాడు, కోర్టు వద్దంది, 2001లో చేర్చుకుంది.

ఇక మన దేశం ఆయన సంగతి. ఆయన గురించి ఇక్కడి మన పిల్లలకి ఎవరూ చెప్పకపోవడం నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది. సఖారాం గణేశ్ పండిత్ ఉపన్యాసాలు ఇచ్చుకుంటూ ఈ దేశంలో స్థిరపడ్డాడు. అప్పటి చట్టం ప్రకారం పౌరసత్వం తెల్లవాళ్లకీ, ఆఫ్రికా సంతతివాళ్లకీ మాత్రమే. భారతీయుడు 'తెల్లవాడి' లెక్కలోకి వస్తాడా రాడా అన్నది ఒక్కో జడ్జి ఒక్కోలా చెప్పేవాడు. 1914లో లాస్ ఏంజెలెస్ కోర్టు పండిత్‌ని ఆ లెక్కలోకి తీసుకుని పౌరసత్వం ఇచ్చింది. ఆ పత్రం చేతిలో ఉండబట్టే 1917లో ఆయన కాలిఫోర్నియాలో లాయరు కాగలిగాడు.

భగత్ సింగ్ థింద్ పౌరసత్వం కేసు సుప్రీంకోర్టుకి వెళ్లినప్పుడు ఆయన తరఫున నిలబడింది ఈ పండితే. 1923 ఫిబ్రవరిలో ఓడిపోయారు. శాస్త్రజ్ఞులు ఏమన్నా, మామూలు మనిషి దృష్టిలో భారతీయుడు తెల్లవాడు కాదని తీర్పు. రాసిన జస్టిస్ సదర్లాండ్ ఎవరనుకున్నారు? ఇంగ్లండులో పుట్టి చిన్నప్పుడు ఇక్కడికి వలస వచ్చిన మనిషి!

ఆ తీర్పు పట్టుకుని ప్రభుత్వం అంతకుముందు పౌరులైన భారతీయుల మీద వరసగా కేసులు వేసింది. పలువురి పౌరసత్వం పోయింది. పండిత్ మీదా వేశారు. ఆయనకి పోయేది కాగితం ఒక్కటే కాదు. పౌరుడు కాకపోతే కాలిఫోర్నియాలో సనదు పోతుంది. అక్కడి భూమి చట్టం వల్ల ఆస్తికి ముప్పు. ఇక్కడే పుట్టిన ఆయన తెల్లజాతి భార్య పౌరసత్వానికీ ముప్పే, ఎందుకంటే పౌరసత్వానికి అర్హత లేనివాణ్ని పెళ్లాడితే ఆడవాళ్లదీ పోయే రోజులవి. ఈసారి ఆయన జాతి గొడవలోకి పోకుండా, మంచి ప్లీడరు పట్టే పట్టు పట్టాడు. 1914లో తీర్పు వచ్చినప్పుడు మీరు అప్పీలు చేయలేదు, దాన్ని నమ్ముకుని నేను వృత్తి, ఇల్లు, సంసారం ఏర్పరచుకున్నాను, ఇప్పుడు తిరగదోడతానంటే ఎలా అన్నాడు. 1926లో అప్పీలు కోర్టు ఆయన వైపే చెప్పింది. 1927లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. మిగతా భారతీయుల మీద కేసులు దాంతో సద్దుమణిగాయి. కొత్తగా పౌరసత్వం అడిగే భారతీయులకి మాత్రం 1946 చట్టం దాకా దారి తెరుచుకోలేదు.

పౌరసత్వం దొరకడం ఒక ఎత్తు, అది లేకుండానే లాయరు కావడం ఇంకో ఎత్తు. ఆ రెండోది సాధించింది ఒక డచ్చి అమ్మాయి, ఫ్రే లె పూల్ గ్రిఫిత్స్. 1965లో వచ్చింది, అమెరికా అతన్ని పెళ్లి చేసుకుంది, యేల్‌లో లా చదివింది. కావాలంటే పౌరసత్వం తీసుకోవచ్చు, తీసుకోనంది. కనెక్టికట్ వాళ్లు పరీక్షకే కూర్చోనివ్వలేదు. లాయరంటే కోర్టు అధికారి, పరాయి దేశస్థుల విధేయత ఎలా నమ్ముతామని వాదించారు. 1973 జూన్‌లో సుప్రీంకోర్టు ఏడుగురు ఇద్దరుగా తేల్చింది: ఒక్కొక్కరి గుణగణాలు విచారించుకోండి, అంతేగాని పౌరులు కాదని మొత్తానికే తలుపు మూయడానికి వీల్లేదు. సరిగ్గా నూరేళ్ల కిందట, 1873లో, ఇదే కోర్టు ఆడది కాబట్టి లాయరు పనికి రాదన్నా తప్పులేదని మైరా బ్రాడ్వెల్‌ని తిప్పి పంపింది. అన్నట్టు, మన దేశంలో ఆడవాళ్లు వకీళ్లు కావచ్చని చట్టం వచ్చింది 1923లో, థింద్ ఓడిన ఏడాదే.

నేను ఎల్.ఎల్.ఎమ్. అయ్యాక న్యూయార్కులో పరీక్షకి దరఖాస్తు పెట్టినప్పుడు నాకున్నది స్టూడెంటు వీసా. పౌరసత్వం గురించి నన్నెవరూ ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బందల్లా మార్కుల జాబితాతో వచ్చింది. యూనివర్సిటీ వాళ్లే సీలు వేసిన కవరులో నేరుగా పంపాలి. మా అన్నయ్య మా యూనివర్సిటీ ఆఫీసు చుట్టూ నెల రోజులు తిరిగాడు. పాసైన తర్వాత నడవడిక దరఖాస్తు, ఎక్కడెక్కడ ఉన్నాం, ఎక్కడెక్కడ పనిచేశాం, అన్నీ రాయాలి. అప్పుడు న్యూజెర్సీలో ఉండేదాన్ని కాబట్టి ఆల్బనీ వెళ్లి ప్రమాణం చేశాను. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. సనదు వేరు, పనిచేసే అనుమతి వేరు. ప్రమాణం చేసినంత మాత్రాన వీసా రాదు.

గ్రిఫిత్స్ తీర్పు గ్రీన్‌కార్డువాళ్లకేనా, మనలా వీసాల మీద ఉన్నవాళ్లకి కూడానా అన్నది కోర్టులు ఇంకా ఒకే మాట మీదకి రాలేదు. తాత్కాలిక వీసాలవాళ్లని బారులో చేర్చుకోమన్న లూసియానా నియమాన్ని 2005లో అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు సమర్థించింది. న్యూయార్కులో 2012లో ఇంకో అప్పీలు కోర్టు దానికి ఎదురు చెప్పింది. ఆ కేసు లాయర్లది కాదు, మందుల షాపుల్లో పనిచేసే ఫార్మసిస్టులది. గ్రీన్‌కార్డు లేకపోతే లైసెన్సు ఇవ్వమన్న రాష్ట్ర చట్టాన్ని కోర్టు కొట్టేసింది. ఆ కేసు పేరులో మొదట కనిపించేది అచ్చమైన తెలుగువాళ్ల ఇంటిపేరు.

అంచేత దరఖాస్తు పెట్టేముందు మీ రాష్ట్రం నియమాలు, ఆ ఏడాదివి, మీరే స్వయంగా చదువుకోండి. పక్కింటివాళ్ల మాట వినకండి, నా మాట కూడా.