స్ట్రెస్ చెక్ (జపాన్)

స్ట్రెస్ చెక్ అనేది జపాన్‌లో ఉద్యోగుల మానసిక ఒత్తిడిని యాజమాన్యాలు ఏటా ఒకసారి ప్రశ్నావళి ద్వారా అంచనా వేయించవలసిన చట్టబద్ధ విధానం. 2014లో సవరించిన పారిశ్రామిక భద్రత, ఆరోగ్య చట్టం కింద ఇది 2015 డిసెంబరు 1న అమల్లోకి వచ్చింది. అధిక పనిభారం వల్ల సంభవించే మరణాలు, ఆత్మహత్యలు దీనికి నేపథ్యం. 1991లో ఆత్మహత్య చేసుకున్న ఒక యువ ఉద్యోగి కేసులో, పనిభారం ఉద్యోగి మానసిక ఆరోగ్యాన్ని దెబ్బతీయకుండా చూడడం యాజమాన్యం బాధ్యతేనని జపాన్ సుప్రీంకోర్టు 2000 మార్చి 24న తీర్పు చెప్పింది.

2015 నిబంధనల ప్రకారం 50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట్ల స్ట్రెస్ చెక్ తప్పనిసరి. ప్రభుత్వం సిఫారసు చేసిన ప్రశ్నావళిలో 57 ప్రశ్నలు ఉంటాయి: పని తీరు, శారీరక, మానసిక లక్షణాలు, పైఅధికారుల, సహోద్యోగుల తోడ్పాటు వీటి పరిధిలోకి వస్తాయి. పరీక్షకు హాజరు కావడం ఉద్యోగి ఇష్టం. ఫలితం నేరుగా ఉద్యోగికే అందుతుంది. అతని సమ్మతి లేకుండా యాజమాన్యానికి ఇవ్వరాదు. తీవ్ర ఒత్తిడి ఉన్నట్లు తేలిన ఉద్యోగి కోరితే వైద్యునితో ముఖాముఖి ఏర్పాటు చేయాలి. వైద్యుని అభిప్రాయం తీసుకుని, అవసరమైతే పనిగంటలు తగ్గించడం, విధులు మార్చడం వంటి చర్యలు చేపట్టాలి. ముఖాముఖి కోరినందుకు ఉద్యోగికి నష్టం కలిగేలా వ్యవహరించడం నిషిద్ధం. అయితే ఆ కోరిక యాజమాన్యం ద్వారానే సాగుతుంది గనుక, గోప్యత అక్కడితో సడలుతుంది. ఇది విధానంలోని ఒక లోపం. ఫలితాలను విభాగాలవారీగా విశ్లేషించడం 2015 నిబంధనల్లో తప్పనిసరి కాదు, యాజమాన్యం అందుకు ప్రయత్నించాలని మాత్రమే ఉంది. 50 మంది కన్నా తక్కువ ఉన్న సంస్థలకూ పరీక్షను తప్పనిసరి చేస్తూ 2025లో చట్టాన్ని సవరించారు.