జ్వాల చల్లారాక

మా మేనత్తకి నా ఒంటి మీద ఉన్నంత శ్రద్ధ నాక్కూడా లేదు. మూడేళ్ళ కిందట వాళ్ళ గృహప్రవేశంలో నలుగురి మధ్యా నా చెయ్యి పట్టుకుని, "ఎంత నాజూగ్గా తయారయ్యావే! నలభై దాటాయంటే ఎవరు నమ్ముతారు? ఏం తింటున్నావో మాకూ చెప్పరాదూ!" అంది. నేను మురిసిపోయాను. ఏడాదిన్నర తిరిగేసరికి వాళ్ళ అమ్మాయి పెళ్ళి వచ్చింది. లడ్డూల పళ్ళెం పట్టుకుని వడ్డనలో ఉన్న నన్ను చూసి అదే అత్త, "ఏమే, ఇంత ఒళ్ళు చేశావేమిటి? ఆ రాసుకోవడం తగ్గించి కాస్త నడువు" అంది. లడ్డూలు తినకుండానే గొంతుకి అడ్డం పడ్డాయి.

తీరిగ్గా కూచుని లెక్క వేసుకుంటే, అత్త మెచ్చుకున్న రోజున నేను రోగిష్టిదాన్ని. దెప్పిన రోజున దాదాపు ఆరోగ్యవంతురాలిని. ఈ తిరకాసు ఏమిటో చెప్పాలంటే అహోబిలం కొండ ఎక్కాలి, అక్కణ్ణించి డబ్లిన్ దాకా పోయి రావాలి. కాస్త ఓపిక పట్టండి.

మా పుట్టిల్లు ఆళ్ళగడ్డ. అహోబిలం మాకు ముప్ఫై కిలోమీటర్ల లోపే. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక అహోబిలం నంద్యాల జిల్లాలోకి వెళ్ళింది గాని, మా వాళ్ళ నోట ఇంకా కర్నూలు జిల్లానే. నల్లమల అడవిలో తొమ్మిదిమంది నరసింహులు కొలువున్న క్షేత్రం అది. దేవతలకు తప్ప అన్యులకు చేరశక్యం కాని చోటని తిరుమంగై ఆళ్వారు తన తమిళ పాశురాల్లో పాడారు. ఆయన కాలం మాట ఎలా ఉన్నా, ఇప్పుడు ఎగువ అహోబిలం దాకా బస్సు పోతుంది. ఆ పైన జ్వాలా నరసింహుణ్ణి చూడాలంటే మాత్రం భవనాశిని వాగు వెంట రాళ్ళు తొక్కుతూ, మెట్లెక్కుతూ కాళ్ళకు పని చెప్పాల్సిందే. చిన్నప్పుడు పందేలు వేసుకుని పరుగున ఎక్కిన దారే నాకది.

గృహప్రవేశమైన నెలకి, కార్తీకంలో, ఆ దారిలో సగం కూడా ఎక్కలేకపోయాను. చలికాలం పొద్దున జాకెట్టు తడిసేంత చెమట. నీళ్ళసీసా పట్టుకుంటే చెయ్యి వణుకు. గుండె చప్పుడు నా చెవులకే వినిపిస్తోంది. తొడల్లో సత్తువ లేదు. "నాజూకుదనం ఇదేనేమో" అని మావారు వేళాకోళం చేశారు గాని ఆయన మొహంలోనూ కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

నంద్యాలలో డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, మెడ దగ్గర సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేస్తోందని చెప్పింది. అప్పటికి ఆరునెలలుగా రెండింతలు తింటున్నాను. రాత్రి పదింటికి లేచి పెరుగన్నం కలుపుకునేదాన్ని. అయినా 58 కిలోల మనిషిని 49కి దిగాను. "మీరు సన్నబడ్డం లేదమ్మా, కరిగిపోతున్నారు" అందావిడ.

మందుల చీటీ చేతికొస్తే దాని పుట్టుపూర్వోత్తరాలు వెతక్కుండా ఉండలేని బుద్ధి నాది. వెతికాను. నాలాంటి ఆడవాళ్ళ కథ రెండు శతాబ్దాలకు పైబడిందే!

ఇంగ్లండులో బాత్ అనే ఊళ్ళో కేలబ్ పారీ అనే వైద్యుడు 1786లోనే ఇలాంటి రోగిని చూశాడు. ఆవిడా ఆడమనిషే. ఆయన రాతలు అచ్చయ్యేసరికి 1825 వచ్చింది. అప్పటికి ఆయనే లేడు. 1835లో డబ్లిన్‌లో రాబర్ట్ గ్రేవ్స్, గుండెదడతో, మెడ వాపుతో బాధపడుతున్న ముగ్గురు స్త్రీల గురించి రాశాడు. 1840లో జర్మనీలోని మెర్సెబర్గ్‌లో కార్ల్ బాసెడో, మెడవాపు, మిడిగుడ్లు, గుండెదడ అనే మూడు లక్షణాలనూ ఒక జబ్బు కిందికి తెచ్చాడు. అందుకే ఈ జబ్బుకి ఇంగ్లీషు వాళ్ళు గ్రేవ్స్ పేరు పెట్టుకుంటే జర్మన్లు బాసెడో పేరు పెట్టుకున్నారు.

ఈ గ్రేవ్స్ నాకు నచ్చింది మరో సంగతికి. ఆ రోజుల్లో జ్వరం వస్తే రోగిని పస్తుంచడమే వైద్యం. మన ఇళ్ళల్లోనూ 'లంఖణం పరమౌషధం' అంటాం కదూ! గ్రేవ్స్ దానికి ఎదురు తిరిగి తన జ్వరం రోగులకు తిండి పెట్టించాడు. జ్వరాలకు తిండి పెట్టినవాడని తన సమాధి మీద రాస్తే చాలని శిష్యుడితో అన్నాడట. ఒంటికి కాస్త కండ పట్టడాన్ని చూసి సంతోషించే వైద్యుడన్నమాట. మా అత్తకి ఆయన్ని పరిచయం చెయ్యాలనిపించింది.

తిన్నది ఏమైపోతోందన్న ప్రశ్నకి జవాబు దొరకడానికి మరో అరవై ఏళ్ళు పట్టింది. 1893లో ఫ్రెడరిక్ ముల్లర్, ఈ రోగులు తగినంత తిన్నా చిక్కిపోతున్నారని లెక్కలతో సహా తేల్చాడు. 1895లో బెర్లిన్‌లో మాగ్నస్ లెవీ వీళ్ళ ఊపిరిని కొలిచి, ఊరికే పడుకుని ఉన్నా మామూలు మనుషుల కంటే ఎక్కువ ప్రాణవాయువు ఖర్చు చేస్తున్నారని చూపించాడు. పొయ్యిలో మంట తగ్గించే నాథుడు లేక ఎసరు ఇగిరిపోతున్నట్టు! ఆ మంటకి కొవ్వొక్కటే కాదు, కండ కూడా ఆహుతవుతుంది. కొండదారిలో నా తొడలు ఎందుకు మొరాయించాయో అప్పుడు తెలిసింది.

కండ కదలడానికి శక్తి ఎలా అందుతుందో చెప్పే రసాయనాలను వెలికి తీసినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారొకరు. బోస్టన్‌లో ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌నీ, 1929లో ఏటీపీనీ గుర్తించారు. ఈ జబ్బు వైద్యంలో పెద్ద మలుపులు రెండు కూడా తర్వాత ఆ బోస్టన్‌లోనే వచ్చాయి. 1941లో సాల్ హెర్ట్జ్ మొదటిసారి రేడియో అయోడిన్‌తో ఒక రోగికి వైద్యం చేశాడు. 1943లో ఎడ్విన్ ఆస్ట్‌వుడ్, గ్రంథి జోరు తగ్గించే మందుని మనుషులకిచ్చి ఫలితాలు ప్రకటించాడు. నేను మింగే కార్బిమజోల్ బిళ్ళ ఆ మందుల వంశంలోదే.

అంతకుముందు గతి కత్తే. స్విట్జర్లాండ్‌లో థియోడర్ కోకర్ మెడ వాపుకి ఆపరేషన్లు చెయ్యడంలో అందెవేసిన చెయ్యి. గ్రంథిని మొత్తం తీసేసిన తన రోగుల్ని తర్వాత పిలిచి చూస్తే, చాలామంది ఒళ్ళు ఉబ్బి, మాట మందగించి, బుద్ధి కూడా మొద్దుబారి కనిపించారు. 1883లో ఆ సంగతి దాచకుండా బయటపెట్టి, గ్రంథిని పూర్తిగా తియ్యడం మానుకున్నాడు. 1909లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. గ్రంథి పని ఎక్కువైతే చిక్కిపోతాం, తక్కువైతే ఉబ్బిపోతాం అన్న పాఠం అలా బోధపడింది.

1891లో ఇంగ్లండులో జార్జ్ ముర్రే, గ్రంథి పనిచెయ్యని ఒక 46 ఏళ్ళ స్త్రీకి గొర్రె థైరాయిడ్ రసం ఎక్కించాడు. ఆవిడ కోలుకుని మరో 28 ఏళ్ళు బతికింది. ఎంత గొప్ప సంగతి! కాని ఆ రసంతో ఒళ్ళు తగ్గుతుందని లోకానికి తెలిసిందో లేదో, ఏ జబ్బూ లేని బొద్దు మనుషులకు సన్నబడే మందుగా దాన్ని వాడడం మొదలైంది. ఆ పదేళ్ళు తిరక్కుండానే! అంటే, నాకు వచ్చిన జబ్బుని డబ్బిచ్చి కొనుక్కున్నారన్నమాట.

నవ్వుకున్నాను గాని, ఇంచుమించు ఆ పనే నేనూ చేశాను.

బిళ్ళలు మొదలెట్టిన రెండు నెలలకు చెయ్యి వణుకు పోయింది. నిద్ర పట్టింది. పోయిన 9 కిలోలు మెల్లగా తిరిగి వచ్చాయి. అంతటితో ఊరుకుంటే బాగుండును. మరో నాలుగు కిలోలు చెప్పాపెట్టకుండా చుట్టాల్లా దిగాయి. మంట చల్లారింది గాని, ఆ మంట రోజుల్లో అలవాటైన ఆకలి చల్లారలేదు. రాత్రి పదింటి పెరుగన్నం పదింటికే పిలిచేది. 62 కిలోలున్నప్పుడే ఆ పెళ్ళీ, ఆ లడ్డూల పళ్ళెమూ.

పెళ్ళి నుంచి వచ్చిన మర్నాటి నుంచి బిళ్ళలు మానేశాను. ఎవరికీ చెప్పలేదు. రోజూ ఒక బిళ్ళ పొట్లంలోంచి తీసి కిటికీలోంచి పారేసేదాన్ని, మావారు లెక్కపెడతారని. మూడు వారాల్లో మూడు కిలోలు తగ్గాను. అద్దం ముందు నిలబడి జాకెట్టు వదులైందని సంబరపడ్డాను. ఎందుకు తగ్గానో తెలిసి కూడా సంబరపడ్డాను, చూడండి!

ఆ మాఘంలో అత్తగారి మొక్కు తీర్చడానికి మళ్ళీ అహోబిలం వెళ్ళాం. మెట్ల దారిలో ఒక మలుపు దగ్గర గుండె లయ తప్పింది. రెండు కొట్టుకుని ఒకటి ఆగినట్టు, మళ్ళీ గబగబా పరిగెత్తినట్టు. కళ్ళు తిరిగి ఒక బండ మీద కూలబడ్డాను. బొరుగుల సంచీ పట్టుకుని దిగొస్తున్న ఒక అవ్వ ఆగి, తన కొంగుతో నా మొహం తుడిచింది. "ఏం బిడ్డా, ఇట్లా ఒగురుస్తావే? ఒంట్లో బాగలేకుంటే యాల ఎక్కినావు? సామి యాడికి పోతాడు?" అంది. ఆ మాటకి ఏడుపు ఆగలేదు. అక్కడే మావారికి, అత్తగారికి నిజం చెప్పేశాను. ఆయన ఒక్క మాట అనలేదు. డోలీ మనుషుల్ని పిలిచి నన్ను దింపించారు.

డాక్టరమ్మ మాత్రం గట్టిగానే కేకలేసింది. మందు ఉన్నపళాన మానితే జబ్బు తిరగబెట్టి గుండె లయ తప్పవచ్చనీ, ముదిరితే ప్రాణం మీదికి కూడా రావచ్చనీ చెప్పింది. ఆ తర్వాత మెత్తబడి, "బరువు పెరిగిందని మీరొచ్చి నాతో అనాలమ్మా. మోతాదు ఎక్కువై గ్రంథి మరీ మందగించిందేమో రక్తపరీక్షతో తెలుస్తుంది. తగ్గించాల్సింది నేను, మీరు కాదు" అంది. ఈ బిళ్ళలు వాడుతూండగా గొంతునొప్పితో జ్వరం వస్తే ఆ రోజే వచ్చి రక్తకణాలు చూపించుకోమని కూడా చెప్పింది. ఈ మాట ఇవే బిళ్ళలు వాడేవాళ్ళు చెవిన వేసుకోండి.

ఇది నా ఒక్కదాని గొడవ కూడా కాదట. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ వైద్యులు వెయ్యిమందికి పైగా రోగుల్ని గమనించి 2019లో ప్రచురించిన దాని ప్రకారం, వైద్యం మొదలయ్యాక ఆడవాళ్ళు సగటున అయిదున్నర కిలోలు, మగవాళ్ళు ఎనిమిది కిలోలు పెరిగారు. నేను సగటుని మించిన ఘనురాలిని, అంతే. ఆ పెరిగినదాంట్లో చాలావరకు జబ్బు ఎత్తుకుపోయిన సొమ్మే. అందులో కండ కూడా ఉంది. పైన వచ్చిన నాలుగు కిలోల సంగతే మనం చూసుకోవాలి.

చూసుకున్నాను. పెద్ద తపస్సేమీ కాదు. రాత్రి అన్నం మాని ఒక జొన్నరొట్టె, పప్పో ఆకుకూరో. పదింటి ఆకలికి గ్లాసుడు మజ్జిగ. మొదటి నెల కడుపు గోల పెట్టింది, రెండో నెల రాజీకొచ్చింది. గుండె కుదుటపడ్డాక డాక్టరమ్మ సరేనంటేనే నడక మొదలెట్టాను. బిగుతైన జాకెట్లకు కుట్లు విప్పించాను. అన్నిటికంటే కష్టమైంది ఈ చివరి పనే. ఏడాదికి రెండు కిలోలు తగ్గి 60 దగ్గర ఆగాను. అక్కణ్ణించి ముల్లు కదలనంటోంది. నేనూ బతిమాలడం మానేశాను.

ఈ ఏడు కనుమ నాడు అహోబిలంలో పారువేట మొదలైంది. స్వామి పల్లకీ ఎక్కి నలభై రోజుల పైచిలుకు ఊరూరా తిరుగుతాడు. చెంచుల ఆడపడుచుని చేసుకున్నాడు కనక ఆయన వాళ్ళకి అల్లుడు. హిరణ్యకశిపుణ్ణి చీల్చాక చల్లారని జ్వాలా నరసింహుడి కోపం, లక్ష్మి పక్కన కూచున్నాక మాలోలుడిలో చల్లారిందని మా వైపు పెద్దలు చెప్పుకుంటారు. ఉగ్రంగా ఉన్నవాడికీ, శాంతంగా కూచున్నవాడికీ ఒకే కొండ మీద గుళ్ళు. ఇద్దరికీ దణ్ణం పెడతాం గాని, కాపురానికి మాలోలుడే మేలని నా అభిప్రాయం.

ఈసారి అత్త కూడా మాతో కొండెక్కింది. నేను కూలబడ్డ ఆ బండ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నడుం పట్టుకుని, "ఉండవే, నీకేం, గుర్రంలా ఎక్కుతున్నావు!" అని కూచుంది. నా చెయ్యి పట్టుకుని నాడి చూశానంటే నవ్వుతారేమో, నిజంగానే చూసుకున్నాను. నింపాదిగా కొట్టుకుంటోంది. సంచీలోంచి కొర్రల లడ్డూ తీసి అత్తకొకటి ఇచ్చి, నేనొకటి తిన్నాను. ఆవిడ నా వంక ఎగాదిగా చూసి ఏదో అనబోయి, లడ్డూ కొరికింది.