కరకరకు కాపలా

ఆలుగడ్డ చిప్సు పుట్టుకకు అందరూ చెప్పే కథ ఒకటే. 1853లో అమెరికాలోని సారటోగా స్ప్రింగ్స్ దగ్గర, మూన్స్ లేక్ హౌస్‌లో, వేపుడు ముక్కలు మందంగా ఉన్నాయని ఒక అతిథి తిప్పి పంపాడట. వంటవాడు జార్జ్ క్రమ్‌కు ఒళ్లు మండి, వీలైనంత పలచగా తరిగి కరకరలాడేదాకా వేయించి పంపాడట. ఆ అతిథి కోటీశ్వరుడు వాండర్‌బిల్ట్ అని కూడా అంటారు. ఆ వేసవంతా ఆయన సొంత ఓడలో యూరప్ తిరుగుతున్నాడు మరి! ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఇంగ్లండులో ఉంది. విలియం కిచినర్ వంటల పుస్తకం 'ది కుక్స్ ఒరాకిల్' 1822 ముద్రణలోనే, ఆలుగడ్డను నిమ్మతొక్క తీసినట్టు చుట్టూ చెక్కి, తడి అద్ది, కొవ్వులో కరకరలాడేలా వేయించే పద్ధతి ఉంది.

అలాగని క్రమ్‌ను దించి కిచినర్‌ను గద్దెనెక్కించాలని కాదు. చిప్సు చరిత్రలో వంటవాడికన్నా సంచి చేసినవాళ్లదే పెద్దపీట అని నా వాదన. నూనెలో వేగేటప్పుడు ముక్కలోని నీరు దాదాపు అంతా ఆవిరైపోతుంది. అలా ఆరిన ముక్క గాలిలోని తేమను పీల్చుకుని మెత్తబడుతుంది. మన ఇళ్లలో ఈ చిక్కును వేరే దారిన తప్పించారు: అప్పడాలు, వడియాలు ఎండబెట్టి డబ్బాకెత్తి, భోజనాల వేళకు వేయించుకోవడం. ముందే వేయించి అమ్మేవాడికి ఆ వెసులుబాటు లేదు. అమెరికా కిరాణా కొట్లలో పీపాల్లో పోసి తూచి అమ్మిన రోజుల్లో అడుగున ఉన్నవి నలిగి, మెత్తబడేవి. 1926లో కాలిఫోర్నియాలోని మాంటెరే పార్కులో లారా స్కడర్ తన దగ్గర పనిచేసే ఆడవాళ్లకు మైనపు కాగితాలు ఇచ్చి పంపేది. వాళ్లు ఇంటి దగ్గర ఇస్త్రీపెట్టెతో అంచులు అతికి సంచులు చేసి తెస్తే, మర్నాడు చిప్సు నింపి మూతి అతికేవారు. మరుసటి ఏడే డ్యూపాంట్ రసాయనవేత్తలు తేమ చొరని సెల్లోఫేన్‌ను సాధించారు.

సంచులకు ముందే వ్యాపారం ఉందిగా అనవచ్చు. ఉంది. 1920లో ఫ్రాంక్ స్మిత్ లండన్‌లో క్రిస్ప్స్ పొట్లాలు అమ్మాడు, ఉప్పును నీలి కాగితంలో విడిగా చుట్టి పెట్టాడు కూడా. కానీ ఆ పొట్లాల కాగితం నూనె మరకను ఆపేది, తేమను కాదు. అమ్మకం కూడా మొదట్లో లండన్ చుట్టుపక్కలే. సారటోగా హోటళ్ల పేరు లేకపోతే జనానికి ఈ రుచి తెలిసేదా అన్న ప్రశ్న ఇంకొంచెం బలమైనది. ఆ పేరు గిరాకీ తెచ్చిందని ఒప్పుకోవాల్సిందే; సరుకును దూరం మాత్రం చేర్చలేదు. సంచిలో సగం గాలేనని నేడు సణిగేవాళ్లు నింపింది నత్రజని అని గమనించరు. ముక్కలు నలగకుండా, నూనె మక్కువాసన రాకుండా కాపాడేది అదే.