సైకిల్ చట్రంగా టైటానియం: ఒక లోహపు ఎంపిక చరిత్ర

వ్యాససంగ్రహం

ఉక్కు, అల్యూమినియం, కార్బన్ ఫైబర్ అందుబాటులో ఉండగా సైకిల్ చట్రానికి టైటానియాన్ని ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్నను ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. 1970లలో ఆశించిన ఫలితమివ్వని లోహమే 1980ల చివరినాటికి విజయవంతం కావడానికి మిశ్రలోహం, గొట్టపు కొలత, అతికే పద్ధతి కారణాలయ్యాయి. పందేల రంగం దానిని విడిచిపెట్టిన తరువాత ఎంపికకు ఆధారం వేగం నుండి మన్నికకు మారింది. ఈ రెండు అంశాలను నిరూపించడం వ్యాసోద్దేశం.

కీలకపదాలు: సైకిల్ చట్రం, టైటానియం, ఉక్కు, కార్బన్ ఫైబర్, లోహపు అలసట, మన్నిక

1. ఉపోద్ఘాతం

రెండు త్రిభుజాలను కలిపినట్లుండే సైకిల్ చట్రపు ఆకృతి పంతొమ్మిదో శతాబ్దం చివరికే స్థిరపడింది. ఆ తరువాత ఆకృతిలో వచ్చిన మార్పు స్వల్పం. మారినది ప్రధానంగా దానిని తయారుచేసే పదార్థం. కనుక చట్రపు చరిత్ర చాలావరకు పదార్థాల చరిత్రే.

ఆ చరిత్రలో ఉక్కుది అగ్రస్థానం. గొట్టం చివరలను మందంగా, నడుమను పలుచగా ఉంచే పద్ధతికి ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ రేనాల్డ్స్ 1897లో పేటెంటు పొందాడు. అదే సంస్థ 1935లో మాంగనీసు, మాలిబ్డినం కలిపిన 531 రకపు గొట్టాన్ని విడుదల చేసింది. 1972లో మెక్సికో నగరంలో ఎడ్డీ మెర్క్స్ ఒక గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు నెలకొల్పిన సైకిల్ బరువు 5.75 కిలోగ్రాములు మాత్రమే. దాని చట్రం ఉక్కు. హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ మాత్రం టైటానియం. ఉక్కుతోనే అంత తేలికైన సైకిల్ సాధ్యమైనప్పుడు చట్రానికి మరొక లోహం అవసరమెందుకు కలిగిందన్నది పరిశీలించవలసిన విషయం.

2. నల్ల ఇసుక నుండి విమానపు గొట్టం వరకు

1791లో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో దొరికిన నల్ల ఇసుకను పరీక్షిస్తూ విలియం గ్రెగర్ అనే మతగురువు ఒక కొత్త మూలకపు జాడను గుర్తించాడు. 1795లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త క్లాప్రోత్ దానికి గ్రీకు పురాణాల్లోని టైటన్‌ల పేరు పెట్టాడు. భూమి పైపొరలో ఈ మూలకం సమృద్ధిగానే ఉంది. చిక్కంతా దానిని ఆక్సిజన్ నుండి విడదీయడంలోనే ఉంది. 1910లో మాథ్యూ హంటర్ అమెరికాలో శుద్ధ లోహాన్ని వేరు చేయగలిగాడు. తరువాత లక్సెంబర్గ్‌కు చెందిన విల్‌హెల్మ్ క్రోల్, టైటానియం టెట్రాక్లోరైడ్‌పై మెగ్నీషియాన్ని ప్రయోగించే పద్ధతిని రూపొందించాడు. 1948లో అమెరికాలో వాణిజ్యోత్పత్తి మొదలైంది. ఈ పద్ధతిలో లోహం స్పాంజి రూపంలో విడతలు విడతలుగా వస్తుంది. దానిని శూన్యంలో మళ్ళీ కరిగించాలి. టైటానియం ఖరీదుకు మూలకారణం ఇదే.

ఖరీదును లెక్కచేయని కొనుగోలుదారు అప్పటికి సైనిక విమాన రంగమే. విమానాల హైడ్రాలిక్ వ్యవస్థకు 3 శాతం అల్యూమినియం, 2.5 శాతం వెనేడియం కలిపిన టైటానియం మిశ్రలోహంతో సన్నని గొట్టాలు తయారయ్యాయి. సైకిల్ చట్రానికి చివరకు కుదిరిన గొట్టం ఇదే.

ఈ ఖనిజం తెలుగువారికి పరాయిది కాదు. శ్రీకాకుళం నుండి భీమునిపట్నం వరకు తీరపు నల్ల ఇసుకలో టైటానియం ఖనిజమైన ఇల్మెనైట్ ఉంది. హైదరాబాదులోని మిశ్ర ధాతు నిగమ్ టైటానియం మిశ్రలోహాలను తయారుచేస్తోంది. అయితే ఇల్మెనైట్‌లో అత్యధిక భాగం ప్రపంచమంతటా తెల్ల రంగుల తయారీకే పోతుంది. లోహంగా మారేది కొద్దిపాటి. అందులోనూ విమానాలకు, రసాయన కర్మాగారాలకు పోగా సైకిల్‌కు దక్కేది అత్యల్పం.

3. తొలి ప్రయోగాలు, వాటి లోపం

1970లలో బర్మింగ్‌హామ్‌లోని స్పీడ్‌వెల్ సంస్థ టైటానియం చట్రాలను తయారుచేసింది. 1973 టూర్ ద ఫ్రాన్స్ విజేత లూయీ ఒకానా ఆ పోటీలో కొన్ని దశల్లో టైటానియం సైకిల్‌ను వాడాడు. ఆ దశాబ్దపు నడుమ అమెరికాలో టెలిడైన్ సంస్థ టైటన్ పేరుతో చట్రాన్ని విపణిలోకి తెచ్చింది. అది మిశ్రలోహం కాదు. వాణిజ్య శుద్ధ టైటానియం. అది ఎక్కువగా వంగుతుందనీ, కొన్ని చట్రాలు పగులుతున్నాయనీ పేరు పడింది. కొద్ది సంవత్సరాలకే దాని తయారీ నిలిచిపోయింది.

ఈ వైఫల్యానికి కారణం లోహధర్మాల్లో కనిపిస్తుంది. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 7.85 గ్రాములు, టైటానియానిది 4.5, అల్యూమినియానిది 2.7. వంగకుండా నిలిచే గుణాన్ని తెలిపే యంగ్ గుణకం ఉక్కుకు సుమారు 205, టైటానియానికి 107, అల్యూమినియానికి 70 గిగాపాస్కల్‌లు. అంటే మూడు లోహాల్లోనూ బరువు తగ్గిన మేరకే దృఢత్వమూ తగ్గుతుంది. ఉక్కు గొట్టం స్థానంలో అదే కొలత గల టైటానియం గొట్టాన్ని పెడితే బరువు దాదాపు 57 శాతానికి, దృఢత్వం దాదాపు 52 శాతానికి దిగుతాయి. చట్రం తేలికవుతుంది, తొక్కే బలానికి ఊగుతుంది కూడా.

అయితే పలుచని గొట్టపు దృఢత్వం వ్యాసపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. గోడ మందం మార్చకుండా 25.4 మిల్లీమీటర్ల వ్యాసాన్ని 31.8 మిల్లీమీటర్లకు పెంచితే టైటానియం గొట్టపు దృఢత్వం ఉక్కుతో సమానమవుతుంది. బరువు మాత్రం ఉక్కులో పదింట ఏడు వంతులే. లావు గొట్టపు ప్రయోజనాన్ని అల్యూమినియం విషయంలో గ్యారీ క్లైన్ 1970లలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేసిన కృషి స్పష్టం చేసింది. కొత్త లోహానికి కొత్త కొలత కావాలన్నది ఆ దశాబ్దపు పాఠం.

4. 1986: ఒకే సంవత్సరంలో రెండు మలుపులు

1986లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో మెర్లిన్ సంస్థ ఏర్పడింది. అదే కాలంలో టెనెసీ రాష్ట్రంలో లిన్‌స్కీ కుటుంబపు యంత్రశాల నుండి లైట్‌స్పీడ్ పుట్టింది. టైటానియంతో పరిశ్రమలకు విడిభాగాలు చేసిన అనుభవం ఆ కుటుంబానికి అప్పటికే ఉంది. ఈ తయారీదారుల చేతుల్లో విమానాల 3-2.5 మిశ్రలోహపు గొట్టం సైకిల్‌కు ప్రామాణికమైంది. గొట్టాలు లావయ్యాయి. అతికే పద్ధతిపైనా పట్టు చిక్కింది. వేడెక్కిన టైటానియం గాలిలోని ఆక్సిజన్‌ను, నైట్రోజన్‌ను పీల్చుకొని పెళుసుబారుతుంది. అందువల్ల అతుకుకు వెలుపలే కాక గొట్టం లోపల కూడా ఆర్గాన్ వాయువును నింపి వెల్డింగ్ చేయాలి. శుభ్రత కొరవడిన అతుకు కొంతకాలానికి పగులుతుంది. తొలితరం చట్రాలకు లోపించిన మిశ్రలోహం, కొలత, నైపుణ్యం ఇక్కడ ఒకచోట చేరాయి.

విచిత్రమేమిటంటే టైటానియం సరైన రూపం పొందుతున్న ఆ సంవత్సరమే గ్రెగ్ లెమాండ్ కార్బన్ ఫైబర్ చట్రంపై టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. కార్బన్‌లో పోగుల దిశను మార్చి, కావలసిన చోటనే దృఢత్వాన్ని పెంచవచ్చు. లోహపు గొట్టానికి ఆ వెసులుబాటు లేదు. 1990లలో టైటానియం కూడా పందేల్లో కనిపించినా, ఆ దశాబ్దం ముగిసేసరికి అగ్రశ్రేణి పోటీలు కార్బన్ వైపు మళ్ళాయి. 2000లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య పందెపు సైకిల్‌కు 6.8 కిలోగ్రాముల కనీస బరువును నిర్ణయించింది. తేలికదనానికి హద్దు ఏర్పడిన తరువాత కూడా గాలిని చీల్చే ఆకృతుల్లో కార్బన్ ముందుకు సాగింది.

5. వేగం నుండి మన్నికకు

పందెంలో చోటు కోల్పోయినా టైటానియం అంతరించలేదు. ఎంచుకునేవారు మారారు, ఎంచుకునే కారణమూ మారింది. దూరప్రయాణికులు, వాన, మంచు, ఉప్పుగాలి గల ప్రాంతాల్లో ఏడాది పొడవునా తొక్కేవారు, ఒకే సైకిల్‌ను దశాబ్దాలపాటు ఉంచుకోదలచినవారు దానివైపు మొగ్గారు. ఈ లోహానికి తుప్పు లేదు, రంగుపూత అవసరం లేదు. ఒక హద్దుకు లోబడిన ఒత్తిడిని అది లెక్కలేనన్ని మార్లు భరించగలదు. అల్యూమినియానికి అటువంటి స్పష్టమైన హద్దు లేదు. చిన్న ఒత్తిడులు కూడా కాలక్రమంలో దానిని అలసటకు గురిచేస్తాయి. మెర్లిన్‌లో పనిచేసిన రాబ్ వాండర్‌మార్క్ 1997లో నెలకొల్పిన సెవెన్ సైకిల్స్ ఒక్కొక్కరి శరీరపు కొలతకు చట్రాన్ని చేసి ఇచ్చింది. గొట్టాలను కోసి అతికే లోహపు పనికి ప్రత్యేకపు అచ్చులు అక్కరలేకపోవడం దీనికి తోడ్పడింది.

ఈ ఎంపికకు పరిమితులూ ఉన్నాయి. టైటానియం చట్రంలో బిగించిన అల్యూమినియం సీటుగొట్టానికి గ్రీజు రాయకపోతే, తేమ చేరి అల్యూమినియం క్షయించి, ఆ గొట్టం ఊడిరాకుండా పట్టుకుపోతుంది. ఉక్కు చట్రం విరిగితే పల్లెటూరి వెల్డింగ్ దుకాణంలో అతికించుకోవచ్చు. టైటానియం చట్రానికి ఆర్గాన్, నిపుణుడు రెండూ కావాలి. టైటానియం ప్రయాణం మెత్తగా ఉంటుందన్న ప్రసిద్ధిని కూడా జాగ్రత్తగా గ్రహించాలి. కుదుపును తగ్గించడంలో టైరు వెడల్పు, అందులోని గాలి, గొట్టపు కొలతల పాత్ర పెద్దది. లోహపు పేరు ఒక్కటే దానిని నిర్ణయించదు.

6. ముగింపు

టైటానియం చట్రపు చరిత్ర రెండు విషయాలను స్పష్టం చేస్తోంది. మొదటిది, పదార్థపు గుణం దానంతట అది వస్తువు గుణం కాదు. ఒకే మూలకం 1970లలో ఊగే చట్రాన్నీ, 1980ల చివర నమ్మదగిన చట్రాన్నీ ఇచ్చింది. రెండవది, ఉత్తమ పదార్థమేదన్న ప్రశ్నకు సమాధానం కాలాన్ని ఎలా కొలుస్తారన్న దానిపై ఆధారపడుతుంది. గడియారంలోని క్షణాలను లెక్కించే పోటీదారుకు కార్బన్ సరైనది. తక్కువ ఖర్చు, ఎక్కడైనా జరిగే మరమ్మతు కోరేవారికి ఉక్కు నేటికీ సరైనదే. ఎక్కువ ధర ఒకసారి చెల్లించి, అదే సైకిల్‌పై సంవత్సరాలను లెక్కించదలచినవారికి టైటానియం సరైనది. యుద్ధవిమానపు వేగం కోసం అభివృద్ధి చెందిన లోహం చివరకు తొందరలేని ప్రయాణికుని చేతికి చేరడం ఈ చరిత్రలోని విశేషం.