పాఠ్యసామగ్రి పంపకము – ఫైలురూపముల నిర్ణయము

ఒక యుపాధ్యాయుఁడు తాను గూర్చిన పాఠమును మఱియొక యుపాధ్యాయునకిచ్చునపుడు రెండు విషయములు నిర్ణయింపవలసి యుండును. మొదటిది యనుజ్ఞ, అనఁగాఁ బుచ్చుకొనినవాఁడు దానినేమి చేయవచ్చునో చెప్పుట. రెండవది రూపము, అనఁగా నా యనుజ్ఞ నతఁడు నిజముగా వినియోగించుకొనుటకు వీలగునట్లు పాఠమునే విధమైన కంప్యూటరు ఫైలుగా నుంచవలయునో యాలోచించుట. స్వేచ్ఛాపాఠ్యసామగ్రి చరిత్రలో మొదటిదానికిఁ గలిగిన యాదరము రెండవదానికిఁ గలుగలేదు.

1999వ సంవత్సరమున అమెరికాలోని రైసు విశ్వవిద్యాలయమున రిచర్డు బరానియక్ అను నాచార్యుఁడు కనెక్షన్సు అను ప్రయత్నము నారంభించెను. అందుఁ బాఠములు చిన్న ఖండములుగా విభక్తములై, ఎక్స్.ఎమ్.ఎల్. అను గుర్తులతోఁ గూడిన వ్రాతలో నుండెను. శీర్షిక యిది, నిర్వచనమిది, అభ్యాసమిది యని యా గుర్తులే తెలుపును గావున నొకరి ఖండమును వేఱొకరు మార్చి తమ క్రమమునఁ గూర్చుకొనవచ్చును. 2001లో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయము తన పాఠ్యక్రమముల సామగ్రిని లోకమునకు వెల లేకుండ నొసఁగుదునని ప్రకటించి, 2003 నాఁటికి 500 పాఠ్యక్రమములను వెలువరించెను. 2002 డిసెంబరులోఁ గ్రియేటివ్ కామన్సు లైసెన్సులు పుట్టెను. అనుజ్ఞకు సంబంధించిన చిక్కు వీనితోఁ జాలవఱకుఁ దీఱెను. అయినను నాఁడు పంచఁబడిన యుపన్యాసపాఠములలోఁ బెక్కులు పి.డి.ఎఫ్. రూపముననే యుండెను.

ఈ రూపమును నిందించుట తగదు. అడోబీ సంస్థ దీనిని 1993లో వెలువరించెను. 2008లో నిది యంతర్జాతీయప్రమాణమయ్యెను. ఏ యంత్రమునఁ దెఱచినను బుట చెదరదు. పటములు తమ చోటు విడువవు. కాని పుటలో నే యక్షరమెచ్చట నుండవలయునో యదియే దీనికిఁ బ్రధానము. వాక్యమెక్కడ ముగిసినది, పట్టికలో నే గడి దేనికిఁ జెందినది యను జ్ఞానము తఱచుగా నందుండదు. వ్యాకరణపరిభాషలోఁ జెప్పవలెనన్న పి.డి.ఎఫ్. నిష్పన్నమైన పదము, మూలఫైలు ప్రకృతిప్రత్యయవిభాగము. చదువువానికి నిష్పన్నరూపము చాలును. రూపాంతరమును సాధింపఁగోరువానికిఁ బ్రకృతి కావలయును. డోనాల్డు క్నూత్ 1978లో వెలువరించిన టెక్ నందు గణితసమీకరణము సామాన్యాక్షరములతో వ్రాయఁబడి, యా మూలమునుండి పుట సిద్ధమగును. పుటనిచ్చి మూలము దాఁచినచో, నొక్క గుర్తు దిద్దఁగోరువాఁడు సమీకరణమంతయు మరల వ్రాసికొనవలయును.

తెలుఁగువారికీ చిక్కు మఱింత గాఢము. 1991 నాఁటి యూనికోడు ప్రథమప్రమాణముననే తెలుఁగు చేరినను, దరువాతఁ జిరకాలము అచ్చుపనులు వేఱు వేఱు ఫాంట్లతో సాగెను. వానిలో నింగ్లీషు లిపిస్థానములయందే తెలుఁగక్షరములు కూర్చుండెను. ఆ ఫాంటు లేని యంత్రమునఁ బాఠము తెఱచినచో నర్థము లేని యింగ్లీషక్షరముల గుంపు గానవచ్చును. యూనికోడులో వ్రాసినదానిని సైతము పి.డి.ఎఫ్. చేసి యందుండి యెత్తిచూచినచో నొత్తులును గుణింతములును తఱచుగాఁ దాఱుమాఱగును. కావునఁ దెలుఁగు పాఠమును బి.డి.ఎఫ్.గా మాత్రమే పంపుట, దిద్దుకొమ్మని నోటఁ జెప్పి చేయి పట్టుకొనుటయే.

అట్లని ప్రతి మూలమును నందఱకు నుపకరింపదు. 2010లో జాన్ హిల్టన్, డేవిడ్ వైలీ మొదలగువారు నాలుగు ప్రశ్నలు వేసిరి: దిద్దు సాధనము లభ్యమా? దానికెంత నేర్పు కావలయును? ఫైలు సార్థకముగా దిద్ద వీలగునా? మూలమొసఁగఁబడెనా? ఈ పరీక్షలో టెక్, ఎక్స్.ఎమ్.ఎల్. రెండవ ప్రశ్నయొద్దఁ దడఁబడును. బడిపంతులకవి సులభములు కావు. అతనికిఁ బదసంస్కరణఫైలే మేలు. అందును 2006లోఁ బ్రమాణమైన ఓపెన్ డాక్యుమెంటు రూపమును, 2008లోఁ బ్రమాణమైన డాక్సు రూపమును బెక్కు సాధనములలోఁ దెఱచుకొనును. పూర్వపు డాక్ రూపముయొక్క వివరణ మాత్రము చిరకాలమొక్క సంస్థ చేతిలోనే యుండెను.

మూలమిచ్చినచో నితరులు పాఠమును జెఱుతురని కొందఱి భయము. తాళపత్రముల కాలమున లేఖకులు కల్పించిన పాఠభేదములు పండితులెఱుఁగనివి కావు; అయినను వ్యాఖ్యానపరంపర యా ప్రతుల వలననే సాగెను. నేఁడు భయము తీర్చు నుపాయము సులభము. కర్త సమ్మతించిన పి.డి.ఎఫ్. ప్రతిని దేదితో నుంచి, దాని ప్రక్కనే యూనికోడు మూలమును, బటములను వేఱు ఫైళ్లుగను, వాడిన ఫాంటు పేరును జేర్చి పంపవచ్చును.